స్క్రూ లేని ఇల్లు

"లేవండి! ముందు అక్కణ్ణుంచి లేవండి!"

హెస్టర్ డంక్లీతో నేను మాట్లాడిన మొట్టమొదటి మాటలు ఇవి. గుడ్ మార్నింగూ లేదు, పాపం తడిసిపోయారే అనీ లేదు.

"లేవను," అందామె.

బయట ఏప్రిల్ వాన దంచికొడుతోంది. కొండ మీది ఆ కొత్త ఇంటి దాకా గుర్రబ్బండి ఎక్కలేదట. కింద గేటు దగ్గరే దిగి, బురదలో నడిచి, నేరుగా హాల్లోకి వచ్చి, నేను ఆరు వారాలు చిత్రిక పట్టి అద్దంలా చేసుకున్న ఓక్ బెంచీ మీద కూర్చుని జుట్టు పిండుకుంటోంది.

"అది ఓక్ చెక్కండీ. ఇంకా నూనె పట్టించలేదు. తడి తగలకూడదు."

"నాకూ తగలకూడదు. మా అమ్మ మరీ మరీ చెప్పి పంపింది."

"బెంచీ పాడవుతుందండీ!"

"కూర్చుంటే పాడయ్యే బెంచీ ఎందుకు చేశారు? గోడకు తగిలించి చూసుకోవడానికా?"

జవాబేదో తోచినా ఆ కళ్ళు చూశాక మర్చిపోయాను. ఆమె మాత్రం తీరిగ్గా లేచి, తను కూర్చున్న చోటుని తన రుమాలుతో కాదు, నా ఏప్రన్ అంచు లాగి దాంతో తుడిచింది.

"ఇప్పుడు సంతోషమా, మిస్టర్...?"

"కీట్. అమోస్ కీట్. వడ్రంగిని."

"నేను హెస్టర్ డంక్లీ. తెరలు కుట్టేదాన్ని. మూడు వారాలు ఇక్కడే ఉంటాను. ఓపిక పట్టండి."

ఓపిక పట్టడం నాకు ఇంకో రకంగా కష్టమైంది.

ఆ ఇల్లు సంగతి చెప్పాలి. కట్టించుకున్నాయన మిస్టర్ ఓర్మ్, బర్మింగ్‌హామ్‌లో స్క్రూల మిల్లు యజమాని. దేశంలో సగం తలుపులు ఆయన స్క్రూల మీదే వేలాడుతున్నాయని చెప్పుకునేవాళ్ళు. అలాంటాయన తను ఉండబోయే ఇంట్లో ఒక్క స్క్రూ ఉండకూడదన్నాడు. "పగలంతా వాటి మొహమే చూస్తాను. ఇంటికొస్తే మనిషి చేత్తో చేసింది కనబడాలి," అన్నాడట.

ఆ మాటకి మా పెద్దమేస్త్రి మిస్టర్ ప్లెస్టెడ్ పొంగిపోయాడు. ఆయన పద్ధతే అది. మా పనిశాలలో రాగి పళ్ళెం మీద సుత్తి దెబ్బలు అలాగే ఉంచుతాం. ఓక్ చెక్కకు రంగు పూయం. ఒక చెక్క చివర నాలుకలా చెక్కిన కుసి ఇంకో చెక్క బెజ్జంలో దూరి అవతల పక్కకి వస్తే, ఆ కొసని కోసి దాచం, అందరికీ కనబడేలా వదిలేస్తాం. దాన్ని బిగించేది చెక్క చీల ఒక్కటే. "పట్టి నిలబెట్టేది బయటికి కనబడాలిరా. దాచిపెట్టిన మేకు, చెప్పిన అబద్ధం రెండూ ఒకటే," అని రోజుకి నాలుగుసార్లు అనేవాడు.

ఆ బెంచీ నా పరీక్ష. హాల్లో చలిమంట పొయ్యి పక్కన ఉండే ఎత్తు వీపు బెంచీ అది, ఇంటి మొత్తానికి అదే గుండెకాయ. ఓర్మ్ గారు దాన్ని ఒప్పుకుంటే నేను మేస్త్రీనవుతాను, పనిశాల పక్కన ఖాళీగా ఉన్న చిన్న రాతి ఇల్లు నాదవుతుంది. ఒప్పుకోకపోతే పనిముట్ల పెట్టె నెత్తిన పెట్టుకుని ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరో నిలబడాలి.

పైగా ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చి పడింది. ఇల్లు లేనివాడు హెస్టర్ డంక్లీని ఏమని అడుగుతాడు?

కాబట్టి అడగలేదు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని లినెన్ తెర మీద ఆకులు, దానిమ్మపళ్ళు కుట్టేది. నేను ఇవతల ఉలితో బెజ్జాలు సరిచేసుకునేవాణ్ణి.

"మిస్టర్ కీట్, అరగంట నించి అదే బెజ్జం చెక్కుతున్నారు. అవతలి ఊరు కనబడుతోందా?"

"మీరు కూడా ఆ ఆకుని మూడోసారి విప్పుతున్నారు."

"నన్ను చూస్తున్నారన్నమాట."

"ఆకుని చూస్తున్నానండీ."

"ఆకు ఏం చెప్పింది?"

"వాన తగ్గేలా ఉందంది."

ఇదీ నా ప్రేమ సంభాషణ. వాన తగ్గుతుందా, పెరుగుతుందా, రేపు వస్తుందా. వాతావరణం గురించి మా ఇద్దరికీ తెలిసినంత ఆ జిల్లాలో ఎవరికీ తెలియదు.

నోటితో చెప్పలేనిది చేత్తో చేశాను. బెంచీ చివరిసారి బిగించేటప్పుడు, ఏ కుసి ఏ బెజ్జంలోకి వెళ్ళాలో తెలియడానికి మేం గుర్తులు వేసుకుంటాం. ఒకటి, రెండు, మూడు అని గీతలు. బిగించాక అవి లోపల ఉండిపోతాయి. ఎడమ పక్కన ఆరు కుసులున్నాయి. ఆమె పేరులో ఆరు అక్షరాలున్నాయి. అది నా తప్పా?

కత్తిమొనతో ఒక్కో కుసి మీద ఒక్కో అక్షరం చెక్కాను. హెచ్, ఈ, ఎస్, టీ, ఈ, ఆర్. పన్నెండు చీలలు కొట్టేశాను. ఇంక రెండు వందల ఏళ్ళ దాకా ఎవరూ చూడరనుకున్నాను.

వారం తర్వాత ఆమె తెర మీద పొగమసి పడింది. అంచు ఉతికి, నీళ్ళోడుతున్న గుడ్డతో నా ముందు నిలబడింది.

"ఒక్క గంట ఆ బెంచీ వీపు మీద ఆరేసుకుంటాను. పొయ్యి దగ్గరే ఉంది కదా. మీరు కాదంటే వద్దులెండి."

ఓక్ దగ్గరికి తడి రానివ్వకూడదు. తడితో పాటు ఇనుము అసలే రానివ్వకూడదు. రెండూ కలిస్తే ఓక్ సిరాలాగా నల్లబడుతుంది. ఇది మా పనిలో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు.

"సరే," అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆమె సూదుల డబ్బీ పట్టుకుని వచ్చింది. "పన్నెండు ఉండాలి. పదకొండే ఉన్నాయి. మీరు తీశారా?"

"నేను సూదులు తిననండీ."

"మీ మాటలు వింటే తింటారనే అనిపిస్తుంది."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ సూది సంగతి అక్కడితో మర్చిపోయాం.

మే నెలలో ఇల్లు అప్పగించే రోజు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి ఓర్మ్ గారు వస్తారు. అయిదింటి బండికి హెస్టర్ వెళ్ళిపోతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న గంటలో నేను మేస్త్రీనై, ఇల్లు సంపాదించి, ఆమెని అడగాలి. పొద్దున లేచి గడ్డం రెండుసార్లు గీసుకున్నాను.

పదకొండింటికి ప్లెస్టెడ్ గారి గొంతు వినబడింది.

"ఏరా అమోస్. ఇలా రా."

బెంచీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడాయన. వీపు పలక కింది చట్రంలో దిగే చోట, ఎడమ మూలకి దగ్గరగా, వేలెడు పొడుగున నీలినలుపు మరక. నిన్న నూనె పట్టించినప్పుడు లేదు. రాత్రికి రాత్రి చెక్కలోంచి ఊరింది.

నేను వేలితో గట్టిగా రుద్దాను, పోలేదు.

"లోపల ఇనుముంది," అన్నాడాయన నెమ్మదిగా. "చట్రం బిగువు చాలక స్క్రూ పెట్టావా?"

"లేదండీ. ఒట్టు."

"ఒట్టెందుకు? కొయ్యసుత్తి తీసుకో. చీలలు కొట్టి ఎడమ పక్క విప్పు. అయిదు నిమిషాల పని."

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"విప్పరా."

"విప్పనండీ."

నిచ్చెన మీద నిలబడి తెర తగిలిస్తున్న హెస్టర్ ఇటు తిరిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నా వాలకం. విప్పితే స్క్రూ ఉండదు, ఆమె పేరు ఉంటుంది. అందరి ముందూ, ఓర్మ్ గారి డబ్బుతో కొన్న చెక్క మీద, ఆమెకి చెప్పకుండా, ఆమె పేరు. ఆ అమ్మాయి పరువేం కాను? విప్పకపోతే నేను దొంగని. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నాలుగు దాకా టైమిస్తున్నాను," అన్నాడు ప్లెస్టెడ్ గారు. ఆయన మొహం చూడలేకపోయాను. తొమ్మిదేళ్ళు పని నేర్పినవాడు. "విప్పి చూపించు. లేదంటే పెట్టె సర్దుకో. ఒక్క స్క్రూ దొరికిందంటే ఇంటి సామానంతా వెనక్కి పంపుతానని ఆయన ముందే చెప్పాడు. నీ ఒక్కడి కోసం అందరి పొట్టా కొట్టలేను."

ఆయన వెళ్ళాక హెస్టర్ నిచ్చెన దిగి వచ్చింది.

"ఏమీ లేకపోతే విప్పడానికేం?"

"మీకు తెలియదండీ."

"తెలియకేం? మా నాన్న ఇరవై ఏళ్ళ నించి ఓర్మ్ గారి మిల్లులో స్క్రూలు కోస్తున్నాడు. మరలో ఒక వేలు పోయింది. ఆయన చేసింది స్క్రూ, దాన్ని స్క్రూ అనే చెబుతాడు. మీలాగా చేత్తో చేశాం, మనసుతో చేశాం అని కబుర్లు చెప్పి లోపల దాచుకోడు."

ఆ మాట ఉలి జారి చేతిలో దిగినట్టే తగిలింది. "నేను మోసం చెయ్యలేదు," అన్నాను.

"మరి లోపల ఏముంది?"

"స్క్రూ మాత్రం లేదు. ఇంకొకటుంది."

"అబద్ధమా?"

"నిజమే. అదే నా తంటా."

ఆమె నా కళ్ళలోకి చూసి, ఏమీ అర్థంకాక, విసురుగా వెళ్ళిపోయింది. నేను పెట్టె సర్దడం మొదలుపెట్టాను. ఉలులు గుడ్డలో చుట్టాను. చిత్రిక పెట్టాను. మూడు వారాలుగా చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోయింది, ఇంక చెప్పే ముఖం కూడా పోయింది. ఆమె దృష్టిలో నేను మోసగాణ్ణి. అది తలుచుకుంటే ఉద్యోగం పోవడం చిన్న విషయంలా ఉంది.

మూడున్నర దాటాక పరుగున వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"అమోస్!"

మొదటిసారి నన్ను పేరుతో పిలిచింది. నేను చేతిలోని రంపం కింద పెట్టి లేచాను.

"స్క్రూ మరకైతే చుక్కలా ఉండాలి కదా? అది సన్నగా, పొడుగ్గా ఉంది. ఇప్పుడే వేలు పెట్టి కొలిచాను. అది నా సూది! ఆ రోజు తడి తెరకి గుచ్చి వదిలేశాను. పలకకీ చట్రానికీ మధ్య సందులో జారింది. తప్పు నాది! పద, చెప్పేద్దాం!"

"వద్దు."

"ఏంటి వద్దు?"

"చెప్పకు హెస్టర్. చెబితే విప్పమంటారు."

"విప్పితేనే కదా నీ పేరు నిలబడేది! పిచ్చా నీకు?"

నా పేరు సంగతి సరే, అనబోయాను. అంతలో కింద మోటారు కారు హారన్ మోగింది. ఓర్మ్ గారు పావుగంట ముందే వచ్చేశాడు. నేను ఆపేలోపే ఆమె హాల్లోకి పరుగెత్తింది.

నేను వెళ్ళేసరికి ఆమె ఓర్మ్ గారు, ప్లెస్టెడ్ గారు ఇద్దరి ఎదురుగా నిలబడి ఓర్మ్ గారికి అంతా చెప్పేస్తోంది. తడి తెర, సూది, మరక, తప్పు తనదే అని. ఓర్మ్ గారు పొట్టిగా, బొద్దుగా, చేతిలో టోపీ పట్టుకుని వింటున్నాడు. కళ్ళు మాత్రం బెంచీ మీదే ఉన్నాయి.

"నువ్వు డంక్లీ కూతురివి కదూ?" అన్నాడు.

"అవునండీ."

"నాకు స్క్రూలూ తెలుసు, మనుషులూ తెలుసమ్మాయ్. ఈ కుర్రాడు విప్పనంటున్నాడట. వీణ్ణి తప్పించడానికి నువ్వు సూది కథ అల్లుతున్నావేమో. మీ నాన్న ఇరవై ఏళ్ళలో నాతో ఒక్క అబద్ధం చెప్పలేదు. ఆయన కూతురి నోట వినడం బాధగా ఉంది."

హెస్టర్ తల దించలేదు.

నన్ను మోసగాడంటే పడ్డాను. ఆమెని అంటే పడలేకపోయాను. సగం సర్దిన పెట్టెలోంచి కొయ్యసుత్తి తీసుకొచ్చి బెంచీ ముందు కూర్చున్నాను.

"ఆవిడ చెప్పింది నిజం. చూడండి."

మొదటి చీల టక్కున వచ్చింది. రెండోది మొరాయించింది. పన్నెండు చీలలు ఒకటొకటిగా రాతినేల మీద పడ్డాయి. రెండు చేతులతో పక్కచట్రం పట్టుకుని లాగాను. ఓక్ మూలిగింది. ఆరు కుసులూ నెమ్మదిగా బయటికొచ్చాయి.

ఠంగ్ మని సన్నటి చప్పుడు. తుప్పు పట్టి నల్లబడ్డ సూది నేల మీద పడి దొర్లింది.

"పన్నెండోది!" అని హెస్టర్ అరిచింది. ఓర్మ్ గారు వంగి సూది తీసుకుని వెలుతురులో పెట్టి చూశాడు. అందరి చూపూ దాని మీదే. ఇదే సందని నేను ఏప్రన్ విప్పి కుసుల మీద కప్పబోయాను.

"ఆగరా," అన్నాడు ప్లెస్టెడ్ గారు. "గుర్తులేవి? గీతలెయ్యలేదేం?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని, బడిపిల్లాడిలా ఒక్కొక్కటే చదివాడు. "హెచ్... ఈ... ఎస్... టీ..."

ఈ భూమి ఎందుకు నోరు తెరవదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

"...ఈ... ఆర్." ఆయన తలెత్తాడు. ఆయనకి కోపం వచ్చింది, కానీ నేననుకున్నందుకు కాదు. "బుద్ధుందా? ఇందులో రెండు 'ఈ'లున్నాయి! ఏ 'ఈ' ఏ బెజ్జంలోకి వెళ్ళాలో ఎలా తెలుస్తుందిరా?"

"నాకు తెలుసండీ."

"ఎలా తెలుసు?"

"రెండోది కాస్త వంకరగా ఉంటుందండీ. అది చెక్కుతున్నప్పుడు ఆవిడ గదిలోకి వచ్చారు."

ఓర్మ్ గారు గొంతులో ఏదో అడ్డం పడినట్టు దగ్గాడు. నేను హెస్టర్ వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు.

"అంటే, దీన్ని దాచడానికా పొద్దుటి నించీ దొంగలా నిలబడ్డావు?" అన్నాడు ప్లెస్టెడ్ గారు. "మన నియమం ఏంటో చెప్పు."

"పట్టి నిలబెట్టేది బయటికి కనబడాలండీ."

"మరి ఇదెందుకు లోపల పెట్టావు?"

"అయ్యా, నన్నెవరూ అడగరా?" అంది హెస్టర్.

ఇద్దరు పెద్దమనుషులూ ఆమె వైపు తిరిగారు.

"ఆ పేరు నాది. అది ఉండాలో వద్దో నేను చెప్పాలి." నా ఎదురుగా వచ్చి నిలబడింది. చెంపలు ఎర్రగా ఉన్నాయి, కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతు మాత్రం మొదటి రోజు గొంతే. "ఎప్పుడు చెక్కావు?"

"నువ్వొచ్చిన తొమ్మిదో రోజు."

"తొమ్మిదో రోజా! అంటే ఇది చెక్కేసి, ఆ తర్వాత పన్నెండు రోజులు నా ఎదురుగా కూర్చుని వాన గురించి మాట్లాడావా?"

"అవును."

"పొద్దున నేను అన్ని మాటలన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా!"

"నీ పేరు నలుగురి నోళ్ళలో పడుతుందని భయం. ఇల్లు వచ్చాక అడుగుదామనుకున్నాను. ఇప్పుడు ఇల్లు లేదు, ఉద్యోగం లేదు. అయినా చెబుతున్నాను. నువ్వంటే నాకు ప్రాణం, హెస్టర్. ఇంక దాచడానికి నా దగ్గర ఏమీ లేదు."

ఆమె ఏదో అనబోయింది. అంతలో ఓర్మ్ గారు గొంతు సవరించుకున్నాడు.

"ఈ బెంచీ నాకు వద్దు."

ప్లెస్టెడ్ గారి మొహం వాడిపోయింది. నేను సుత్తి కింద పెట్టాను.

"మరొకరి పెళ్ళాం కాబోయే అమ్మాయి పేరు మీద వీపు ఆనించి నేను పొద్దున్నే టీ ఎలా తాగుతానయ్యా? నాకు ఇంకోటి చేయించు. ఇదే పనివాడితో. ఈసారి ఒకటి, రెండు, మూడు అని గీతలెయ్యమను." సూదిని హెస్టర్ చేతిలో పెట్టి, తల కాస్త వంచాడు. "అమ్మాయ్, మీ నాన్నకి నా క్షమాపణ చెప్పు. నీకు కూడా." టోపీ పెట్టుకుని మిగతా గదులు చూడటానికి బయల్దేరాడు.

ప్లెస్టెడ్ గారు ఆయన వెనకే వెళుతూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఇంకో బెంచీ చెయ్యాలంటే నువ్వు ఇక్కడే ఉండాలి కదరా. ఆ రాతి ఇంటి తాళంచెవి నా కోటు జేబులో ఉంది, తీసుకో. ముందు ఈ బెంచీ బిగించు. విప్పిన బెంచీ చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది."

ఇద్దరమే మిగిలాం. నేను పక్కచట్రం పట్టుకున్నాను. ఆమె అడగకుండానే అవతల కూర్చుని కుసులు బెజ్జాలకి ఎదురు పెట్టడం మొదలుపెట్టింది.

"మరక గీకెయ్యనా?" అన్నాను.

"వద్దు. నా సంతకం అది. ఇది ఏ 'ఈ'?"

"వంకరది. కింది బెజ్జంలోకి."

పన్నెండు చీలలూ మళ్ళీ కొట్టాం. ఆఖరి రెండూ ఆమే కొట్టింది, ఒకటి నా వేలి మీద. బయట మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. ఆమె చీలల దుమ్ము దులుపుకుని వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. సరిగ్గా ఆ మొదటి రోజు కూర్చున్న చోటే.

నేను నిలబడే ఉన్నాను. చెప్పాల్సింది చెప్పేశాను, జవాబు ఇంకా రాలేదు. అయిదయింది. కింద గేటు దగ్గర బండివాడు గంట కొట్టాడు. కాసేపటికి తడిసిన టోపీతో వాడే గుమ్మంలోకి వచ్చాడు.

"మిస్ డంక్లీ! లేవండి, లేవండి! రైలు తప్పిపోతుంది!"

హెస్టర్ నా వైపు చూసింది. బెంచీ మీద కాస్త పక్కకి జరిగి, నాకు చోటిచ్చింది.

"లేవను," అంది.